ఎనిమిదో మాట

పొద్దున ఎనిమిది కాకముందే కాకినాడ పట్టణం యావత్తూ గుమ్మాల్లో నిలబడి అర్థంపర్థం లేని మాటలు వల్లిస్తోంది.

“తాంబూలం,” అంటోంది కింది అంతస్తులో ఒక గొంతు. “నిచ్చెన,” అని దాని ఎదుటి గుమ్మం. “మేనత్త.” “సున్నిపిండి.” వీధి అవతలి మేడలోనూ అవే మాటలు, కాస్త వెనకాముందుగా. కొత్తవాళ్ళెవరైనా ఆ వేళకి ఊళ్ళో దిగితే, ఇక్కడి జనానికి మూకుమ్మడిగా మతి పోయిందనుకుని వచ్చిన దారినే పోతారు. ఊళ్ళోవాళ్ళకి మాత్రం అది పోలిక రోజు. పండగ కాదు గానీ పండగకుండే చిరాకులన్నీ ఉంటాయి. పాలు ముందే కాచుకోవాలి, స్నానాలు పెందలాడే కానివ్వాలి, గుమ్మంలోకి వచ్చేసరికి మనిషి నలుగురూ చూసేలా ఉండాలి.

ఐదో అంతస్తులో హన్విక తన గుమ్మం వెనక, చేతిలో బిళ్ళతో నిలబడి కుచ్చెళ్ళు మళ్ళీ సర్దుకుంటోంది. డెబ్బై దాటిన మనిషి. హన్విక అన్న పేరు వింటేనే ఈ కాలం పిల్లల కళ్ళముందు ముగ్గుబుట్టలాంటి తల కదులుతుంది. వాళ్ళ పేర్లన్నీ ఇప్పుడు సుబ్బలక్ష్ములూ వెంకాయమ్మలూను.

“ఎదురింటావిడ తలుపు తీసిందా?” లోపలినుంచి భర్త నిహాల్ అడిగాడు.

“తీస్తే మీకు వినపడదేంటి? ఆ తలుపు కిర్రుమంటే సామర్లకోట దాకా వినపడుద్ది.”

“నూనె వెయ్యమని చెప్పొచ్చు కదా!”

“ఎవరు చెప్పాలి?”

ఆ ప్రశ్నకి ఆ ఇంట్లో ఏళ్ళ తరబడి జవాబు లేదు.

డబ్బు బ్యాంకుల్లో ఉండే రోజులు హన్వికకి బాగా గుర్తు. అమ్మ స్నానాలగదిలోంచి “ఓటీపీ వచ్చింది చూడవే!” అని కేకేస్తే, తను ఆ అంకెలు వీధి చివరిదాకా వినపడేట్టు చదివేది. ఎవడో ఫోన్ చేసి “మీ ఖాతా ఆగిపోయింది సార్” అంటే, నాన్న వాడితో గంటసేపు పిచ్చాపాటీ వేసుకుని వాడి పెళ్ళి సంబంధాల దాకా వెళ్ళేవాడు. ఆఖరికి వాడే విసుగెత్తి ఫోన్ పెట్టేసేవాడు. ఫోన్లలోకి మార్పులు రాత్రికి రాత్రి, అడగకుండా వచ్చి పడేవి. తెల్లారి చూస్తే ఉన్న బొమ్మ ఉన్నచోట ఉండేది కాదు. “మనం పడుకున్నాక ఎవరో వంటింట్లో దూరి పోపులడబ్బా సర్దేసి పోయినట్టుందే” అని అమ్మ పొద్దున్నంతా సణిగేది. ఆ సణుగుడు తలుచుకుంటే హన్వికకి ఇప్పటికీ అమ్మ చేతి కాఫీ వాసన వస్తుంది.

తరవాత బ్యాంకులు పోయాయి, అప్పట్లో క్రిప్టో అన్న గూఢనాణేలు వచ్చాయి. ఎవరి సొమ్ము వాళ్ళ నడుముకే, రొంటి అనే సన్నటి పట్టీలో. పాతకాలపు ముసలమ్మలు రూపాయి కాసుని రొంటిన దోపుకున్నట్టే. కాకపోతే వీళ్ళు ఇల్లూ వాకిలీ పిల్లల చదువులూ కూడా అందులోనే దోపుకున్నారు. సుఖంగానే ఉంది, ఒక్క ఇబ్బంది తప్ప. సొమ్ము పోతే వెళ్ళి గొడవపడ్డానికి మేనేజరు లేడు.

రొంటిని నడిపే ప్రోగ్రాము రాతకి అప్పుడప్పుడు కొత్త రాత వచ్చి పాత లోపాలు సరిచేస్తుంది. దాన్ని మెరుగు అంటారు. ఒక ఏడాది, మంచి మెరుగు వేషంలో దొంగమెరుగొకటి దిగింది. పంపుతున్నామని చెప్పింది అధికారుల గొంతే, కనపడింది అధికారుల మొహమే. రెండూ దొంగలు తయారుచేసినవి. ఎసట్లో బియ్యం ఒక పొంగు వచ్చేలోపు సగం జిల్లా నడుములు ఖాళీ అయ్యాయి.

ఆ దెబ్బతో పుట్టింది పోలిక. అప్పట్నుంచి ఏ మెరుగూ గాలిలో రాదు. రూపాయంత బిళ్ళ మీద ఇంటికొస్తుంది. మెరుగు మూలపాఠం ఎవరైనా చదువుకునేలా బహిరంగంగా ఉంటుంది. దాన్ని తీసుకుని ఆదోనిలో ఒక మెరుగుశాల, పలాసలో ఒకటి, నిర్మల్‌లో ఒకటి, ఒకరి పని ఒకరు చూడకుండా బిళ్ళలు చేస్తాయి. ఎదురెదురు ఇళ్ళకి ఒకే ఊరి బిళ్ళ ఇవ్వరు. బిళ్ళలోని సరుకునంతా పిండితే ఎనిమిది మాటలు దిగుతాయి. సరుకులో నలుసంత తేడా ఉన్నా మాటలు మారిపోతాయి. హన్విక దీన్ని తన పద్ధతిలో అర్థం చేసుకుంది. ఒకే పాళ్ళు, ఒకే పోపు, వేర్వేరు వంటిళ్ళు. ఒక ఇంటి పులుసు రుచి మారిందంటే అందులో ఎవరో ఏదో కలిపారన్నమాట.

ఆ ఎనిమిది మాటలూ సాక్షిగా కుదిరిన ఎదురింటి మనిషితో ఎదురుపడి వంతుకొకటి చొప్పున చెప్పుకోవాలి. చేతుల్లోని బిళ్ళలు వింటాయి. అన్నీ కుదిరితే పచ్చగా వెలుగుతాయి, ఒకటి తప్పితే ఎర్రబడతాయి. దొంగలు గొంతుల్నీ మొహాల్నీ చేశారు గానీ, గుమ్మంలో నిలబడి ముక్కు తుడుచుకునే పక్కింటి మనిషిని మాత్రం ఇంతవరకు ఎవరూ చెయ్యలేకపోయారు. సాక్షి జంటని ఒకసారి రాయించుకుంటే మళ్ళీ మార్చరు. మారుస్తూపోతే దొంగలే సాక్షులై వస్తారని.

హన్వికకి సాక్షి ఎదురింటి జోషిత. జంట రాయించుకున్ననాడు ఇద్దరూ ఒకే కంచం, ఒకే మంచం. మరుసటేడు పనసపొట్టు గొడవ వచ్చింది. హన్విక పొద్దుటినుంచి కూర్చుని, చేతులకి నూనె రాసుకుని, కత్తితో స్వయంగా కొట్టి వండిన కూర అది. అంతస్తంతా భోజనాలకి కూర్చున్నాక జోషిత వేలు నాకుతూ, “యంత్రం పొట్టైనా బానే కుదిరిందే” అంది. అంతే. అది మెచ్చుకోలని జోషిత, ఎత్తిపొడుపని హన్విక. మాటామాటా పెరిగి జోషిత సగం భోజనంలో లేచిపోయింది. మర్నాటినుంచి ఇద్దరి మధ్యా మాటల్లేవు.

మాటల్లేవంటే, సొంత మాటల్లేవు. పోలిక మాటలు తప్పవు కదా. ఏడాదికి కొన్నిసార్లు, ఎవడో యంత్రం ఏరి ఇచ్చిన మాటలు అప్పగించుకుని తలుపులు వేసుకునేవారు. మొదట్లో పళ్ళు కొరుకుతూ అనేవారు. “వంకాయ” అన్న మాటలో ఎంత తిట్టు పడుతుందో అప్పుడు తెలిసింది. రానురాను వేరే సంగతులూ పట్టడం మొదలైంది. హన్వికకి మనవరాలు పుట్టిన వారంలో తన వంతుకి “ముల్లంగి” వచ్చింది. ఆ ముల్లంగిని ఆమె అన్న తీరుకే జోషితకి సంగతి తెలిసిపోయి, తన వంతు “సుత్తి”ని దీవెనలా అంది. జోషిత భర్త పోయాక జరిగిన మొదటి పోలికలో ఆమెకి “దండెం” వచ్చింది. దండెం మీద ఇకనుంచి తన చీరలు మాత్రమే ఆరతాయని ఆ క్షణంలోనే తట్టిందేమో, గొంతు సగంలో తెగింది. హన్విక తొందరపెట్టలేదు. చాలాసేపు ఆగి తన మాట “చెంబు” అంది. ఇన్నేళ్ళ కాపురంలో నిహాల్‌తో కూడా అంత మెత్తగా ఏ మాటా అనలేదు.

ఎదురింటి తలుపు కిర్రుమంది.

“ఏవోయ్,” అన్నాడు నిహాల్, బిళ్ళతో వచ్చిన ప్రకటన చదువుతూ, “ఇదే ఆఖరి పోలికట. ఈ మెరుగు ఎక్కితే ఇకమీదట రొంటులే తమలో తాము చూసుకుంటాయట. స్వయంపోలికట. మనుషులు గుమ్మాల్లో నిలబడక్కర్లేదు. పీడా వదిలింది, కాదూ?”

హన్విక చెయ్యి గడియ మీదే ఆగిపోయింది. పీడా వదిలిందనే అనుకోవాలి. ఎందుకో అనుకోబుద్ధి కాలేదు. తలుపు తీసి నడవాలోకి వెళ్ళింది.

జోషిత నిలబడి ఉంది. బొద్దుగా ఉండే మనిషి చిక్కిపోయింది. ఆమె కూడా ప్రకటన చదివినట్టే ఉంది. బిళ్ళని అరచేతిలో కాక గుప్పిట్లో పట్టుకుంది.

“తాంబూలం,” అంది హన్విక.

“నిచ్చెన.”

“మేనత్త.”

“సున్నిపిండి.”

“గొడుగు.”

“పడమర,” అంది జోషిత, చాలా నెమ్మదిగా.

“తబలా.”

మిగిలింది మెంతులు. అది జోషిత వంతు. ఊరంతా ఆ మాట అనేసి లోపలికి పోయి ఉప్మాలు తింటోంది. జోషిత నోరు తెరిచింది, మూసింది. హన్విక మొహంలోకి ఒక్క క్షణం చూసి, వెనక్కి తిరిగి వెళ్ళి తలుపేసుకుంది.

బిళ్ళ పచ్చబడలేదు, ఎర్రబడలేదు. దాన్ని చేసిన మేధావులు కుదిరితే ఏం చెయ్యాలో, కుదరకపోతే ఏం చెయ్యాలో ఆలోచించారు. మాట తెలిసీ, నోరు బాగానే ఉండీ, మనిషి అనకుండా ఊరుకుంటే ఏం చెయ్యాలో ఎవరికీ తట్టలేదు. బిళ్ళ పాపం రెప్పవాల్చకుండా ఎదురుచూస్తూ ఉండిపోయింది.

దాంతోపాటు మేడంతా ఉండిపోయింది. ఒక్కో ఇంటి పోలికా పక్కింటి పోలికకి గొలుసులా తగులుకుని ఉంటుంది, ఒక్క కొక్కెం పడకపోతే మెరుగు ఎవరికీ ఎక్కదు. ఆదివారం పొద్దుగూకే లోపు ఎక్కకపోతే పాత రొంటులు మూతపడతాయి. పాలప్యాకెట్టు కూడా కొనలేరు.

“ఆవిడకి మతి పోయిందా ఏంటండి?” అని పక్కింటి ధ్రువగారు నడవాలోకొచ్చి కేకలేశారు. ఓడరేవులో క్రేను నడిపి రిటైరైన మనిషి, మామూలుగా మాట్లాడినా ఓడకి వినపడేట్టు మాట్లాడతారు. “మెంతులు! అంతేగా? నేను అంటాను, నా మనవడంటాడు, చిలకంటది! మెంతులనడానికి రోగమా?”

“మీరంటే చెల్లదు కదండీ,” అంది హన్విక. “ఆవిడే అనాలి.”

“అయితే మీరెళ్ళి అనిపించండి!”

మర్నాడు హన్విక మళ్ళీ వెళ్ళింది. పోలిక అసంపూర్తిగా ఆగితే మొదటినుంచి మొదలుపెట్టాలి. వెళ్ళేముందు గంజిపెట్టిన చీర తీసి కట్టుకుంది. “దొంగతనంగా పేరంటానికి వెళ్తున్నావా?” అన్నాడు నిహాల్. పోలిక మళ్ళీ తాంబూలం నుంచి తబలా దాకా నడిచింది. ఈసారి ఎవరూ తొందరపడలేదు. ఒక్కో మాటా నోట్లో పెట్టుకుని చప్పరించి మరీ వదిలారు. ఎనిమిదోదాని దగ్గర జోషిత మళ్ళీ తలుపేసుకుంది. హన్విక ఇంట్లోకొచ్చి, మేడ మొత్తాన్నీ ముంచే ఆ మొండితనానికి కోపం తెచ్చుకోబోయి, పోపు వేస్తూ కూనిరాగం తీస్తున్నానని గమనించి నోరు మూసుకుంది.

ఆ మర్నాడూ అంతే. ఆదివారానికల్లా నడవా సంతలా తయారైంది. “మెంతులనండి పిన్నిగారూ!” అని కింది అంతస్తులవాళ్ళు మెట్లమీద నిలబడి అరిచారు. ఒకావిడ అరకిలో మెంతులు పొట్లం కట్టి జోషిత గుమ్మంలో పెట్టి వెళ్ళింది, చూసైనా గుర్తొస్తుందేమోనని.

మధ్యాహ్నం పోలికాధికారి వచ్చింది. పాతికేళ్ళ పిల్ల, పేరు వెంకాయమ్మ. పేరుకి తగ్గట్టు జుట్టు రెండు రంగుల్లో ఉంది. జోషిత బిళ్ళ తీసుకుని పరీక్ష చేసి తిరిగి ఇచ్చింది.

“బిళ్ళలో ఏ దోషమూ లేదు మామ్మగారూ. మాట కూడా కనపడుతోంది. మరెందుకనట్లేదండీ?”

జోషిత బిళ్ళని మళ్ళీ గుప్పిట్లో మూసుకుంది. వెంకాయమ్మ హన్విక వైపు తిరిగింది.

“చూడండి, నాకు వేరే దారి లేదు. మొండిసాక్షి అని రాసుకుంటాను. వేరే సాక్షిని ఇస్తాం, మీ మేడ పని అయిపోద్ది. కానీ ఈవిడ రొంటికి సీలు పడుద్దండి. విచారణ తేలేదాకా విప్పరు. అది ఎప్పటికి తేలుద్దో నేను చెప్పలేను. మీరు ఔనని ఇక్కడ వేలు పెట్టాలి.”

చేతిలోని పలకని ముందుకు చాపింది. ధ్రువగారు కూడా గొంతు తగ్గించారు. ఒంటరి ఆడమనిషి రొంటికి సీలంటే, గుప్పెడు బియ్యానికి కూడా ఇంకొకరి గుమ్మం ఎక్కాలి.

“పెట్టమనండి,” అంది జోషిత, వెంకాయమ్మతో. “ఆవిడకి నా మీద కోపం తీరుద్ది.”

“నాకేం కోపం లేదని చెప్పమ్మా ఆవిడకి,” అంది హన్విక, తనూ వెంకాయమ్మతోనే. “మేడంతా అల్లాడుతుంటే తమాషా ఏంటో అడుగు.”

“తమాషా కాదని చెప్పండి. ఈ మాట అనేస్తే ఇక ఆవిడ రేపట్నుంచి ఈ తలుపు కొడుతుందేమో అడగండి.”

వెంకాయమ్మ పలక పట్టుకుని ఇటూ అటూ చూసింది. అడగాలో వద్దో ఆమెకి శిక్షణలో ఎవరూ చెప్పలేదు.

హన్విక చెవుల్లో ముల్లంగులూ సుత్తులూ చెంబులూ దండేలూ ఇన్నేళ్ళవీ ఒక్కసారి మోగాయి. ఏ యంత్రం నోటికందించిన మాటో అది, తనది కాదు, తన పరువుకేం తక్కువ కాదు అని ధీమాగా అన్నవే అన్నీ. ఇప్పుడు అందించేవాళ్ళు లేరు. ఏదైనా అనాలంటే తనే అనాలి, ఇంతమంది ముందు. పలక మీద వేలు పెట్టడం దానికంటే సులువు.

పలకని పక్కకి తోసింది.

“ఒసేయ్ జోషితా,” అంది.

ఇన్నేళ్ళ తరవాత తన పేరు ఆ నోటినుంచి వినేసరికి జోషిత గోడకి చెయ్యి ఆనించుకుంది.

“రేపూ వస్తాను. మాటలిచ్చినా వస్తాను, ఇవ్వకపోయినా వస్తాను. ఇప్పుడా దిక్కుమాలిన మాట అని తగలడు. ధ్రువగారికి మందులు కొనాలి.”

“వచ్చేం చేస్తావు?”

“దెబ్బలాడతాను. ఆ పనసపొట్టు రోజు సగంలో లేచిపోయేవు, నేననాల్సినవి నాలో ఉండిపోయేయి.”

“నేననాల్సినవి నాకు లేవేంటి?”

“అందుకే చెప్తున్నా. తీరిగ్గా కూచుని దెబ్బలాడుకుందాం.”

జోషిత గోడమీంచి చెయ్యి తీసింది. “ఎన్నింటికొస్తావు?”

“పప్పు దించేక.”

“తాంబూలం అను మరి,” అంది జోషిత.

మొదటినుంచీ మళ్ళీ నడిచారు. తబలా అయ్యాక మెట్లమీద జనం ఊపిరి బిగబట్టారు. జోషిత బిళ్ళని నోటి దగ్గరికి తెచ్చుకుని, “మెంతులు,” అంది, ఉత్తరం డబ్బాలో వేసేసిన మనిషిలా. రెండు బిళ్ళలూ పచ్చగా వెలిగాయి. మేడలో అందరి నడుములూ ఒక్కసారి గుర్రుమని, కొత్త మెరుగు ఎక్కించుకున్నాయి. ధ్రువగారు చప్పట్లు కొట్టారు. వెంకాయమ్మ ఏమని రాసుకోవాలో తెలియక ఏమీ రాసుకోకుండా వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున ఊరు నిశ్శబ్దంగా ఉంది. తలుపులు మూసే ఉన్నాయి. ఎవరూ ఎవరితోనూ ఏమీ చెప్పుకోవలసిన అవసరం లేకుండా లోకం సురక్షితంగా ఉంది.

హన్విక పప్పు దించి, చేతులు తుడుచుకుని, తన తలుపు గడియ తీసింది. నడవాలో రెండడుగులు వెయ్యకముందే ఎదురింటి తలుపు తెరుచుకుంది.

ఇద్దరూ నిలబడ్డారు. బిళ్ళల్లేని చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కొంగులు పట్టుకున్నారు. మొదటి మాట ఎప్పుడూ హన్వికదే. జోషిత అలవాటుగా దానికోసం చూస్తోంది. దెబ్బలాటకి కావలసిన సరంజామా అంతా హన్విక తెల్లవారుజామునే వరసగా పేర్చి పెట్టుకుంది. తీరా చూస్తే ఒక్క ముక్కా గుర్తులేదు. చూపు కిందికి జారింది.

“ఆ చెప్పులేంటే? ఒకటి నీలం, ఒకటి ఎరుపు?”

జోషిత వంగి చూసుకుంది. చెవులదాకా కందిపోయింది.

“తొందరలో వేసుకున్నాలే,” అంది.

తన గడియ చప్పుడుకి ఆ మనిషి ఏ మూలనుంచి పరుగెత్తుకొచ్చిందో, అంతకుముందు ఎంతసేపు చెవొగ్గి కూర్చుందో హన్విక అడగలేదు. అడక్కుండా ఊరుకోవడం ఆమెకి పుట్టుకతో రాలేదు. అయినా ఊరుకుంది.

“జరగవే,” అంది. “గుమ్మానికడ్డంగా నిలబడితే లోపలికెలా వచ్చేది?”